అవక్షేపం – అయానిక సమీకరణం

జీర్ణకోశాన్ని ఎక్స్-రేలో స్పష్టంగా చూడవలసి వచ్చినప్పుడు వైద్యులు రోగి చేత బేరియం సల్ఫేట్ కలిపిన తెల్లని ద్రవాన్ని తాగిస్తారు. బేరియం అయాను విషం. అది రక్తంలో చేరితే కండరాలు చచ్చుబడతాయి. గుండె లయ తప్పుతుంది. అయినా ఆ ద్రవం తాగిన రోగికి విషం సోకదు. బేరియం సల్ఫేట్ దాదాపు కరగకపోవడమే ఇందుకు కారణం. లీటరు నీటిలో కరిగేది సుమారు 2.4 మిల్లీగ్రాములు మాత్రమే.

ఈ పదార్థం ఏర్పడే తీరు గమనించదగినది. బేరియం క్లోరైడ్, సోడియం సల్ఫేట్ రెండూ నీటిలో కరిగే లవణాలే. కరిగిన లవణం అయాన్లుగా విడిపోతుంది. కనుక ఈ రెండు ద్రావణాలను కలిపినప్పుడు పాత్రలో నాలుగు రకాల అయాన్లు సంచరిస్తూ ఉంటాయి. వాటి నుంచి రెండు కొత్త జంటలు ఏర్పడే అవకాశం ఉంది. సోడియం క్లోరైడ్ మనం తినే ఉప్పే. అది కరిగే ఉంటుంది. బేరియం సల్ఫేట్ మాత్రం కరగక, తెల్లని పొడిగా అడుగుకు చేరుతుంది. దీనినే అవక్షేపం అంటారు. 'అవ' అంటే కిందికి, 'క్షేపం' అంటే వేయడం. పారిభాషిక పదాలలో ఇంత సార్థకమైనవి అరుదు.

సోడియం, క్లోరైడ్ అయాన్లు చర్యకు ముందు ఎలా ఉన్నాయో తరువాత కూడా అలాగే ఉన్నాయి. ఇవి ప్రేక్షక అయాన్లు. నాటకంలోని పాత్రల పట్టికలో ప్రేక్షకుల పేర్లు ఉండవు గదా! అలాగే అయానిక సమీకరణంలో వీటిని వదిలివేస్తారు. మిగిలేది ఇంతే:

బేరియం అయాను (2+) + సల్ఫేట్ అయాను (2−) → బేరియం సల్ఫేట్ ↓

ఇందులో పరమాణువులే గాక విద్యుదావేశాలు కూడా రెండువైపులా సరితూగాలి.

ఏది అవక్షేపమవుతుందో ముందుగానే ఊహించడానికి కొన్ని నియమాలున్నాయి. సోడియం, పొటాషియం, అమ్మోనియం లవణాలు, నైట్రేట్లు కరుగుతాయి. క్లోరైడ్లలో వెండి, సీసం వంటి కొన్ని లోహాలవి, సల్ఫేట్లలో బేరియం, సీసం వంటివాటివి కరగవు. కార్బొనేట్లు చాలావరకు కరగవు.

అయితే ఈ నియమాలు నీటికి వర్తించేవి. బేరియం కార్బొనేట్ నీటిలో కరగదు. కాని జీర్ణాశయంలో ఆమ్లం ఉంటుంది. అక్కడ జరిగేది వేరు:

బేరియం కార్బొనేట్ + 2 హైడ్రోజన్ అయాన్లు (+) → బేరియం అయాను (2+) + కార్బన్ డయాక్సైడ్ + నీరు

2003లో బ్రెజిల్ దేశంలో ఎక్స్-రే పరీక్ష కోసం తయారైన ఒక మందులో బేరియం కార్బొనేట్ కలిసి ఉండటం వల్ల 20 మందికి పైగా మరణించారు. సల్ఫేట్‌ను ఆ ఆమ్లం కరిగించలేదు. కార్బొనేట్‌ను కరిగించి విషాన్ని విడుదల చేస్తుంది. చూపుకు రెండూ తెల్లని పొడులే.

బేరియం లవణం కడుపులోకి పోయినవారికి సోడియం సల్ఫేట్ గాని మెగ్నీషియం సల్ఫేట్ గాని తాగిస్తారు. ఇంకా రక్తంలో కలవని బేరియం అయాన్లు సల్ఫేట్‌తో కూడి, అవక్షేపమై, మలంతో బయటికి పోతాయి. సోడియమైనా మెగ్నీషియమైనా ఇక్కడ ప్రేక్షక అయానే.