గోదారి మీద గరుడ దర్శనం

భద్రాచలం వెళ్ళినవారు రాములవారి దర్శనం కాగానే అడిగే రెండో మాట ఒకటే: "పాపికొండలకు లాంచీ ఎప్పుడండీ?" లాంచీ ఎక్కినవారు కొండలను చూస్తారు, పులిహోర తింటారు, పేరంటాలపల్లిలో దిగి శివుడికి దండం పెట్టి, కొండరెడ్లు చేసిన వెదురు వస్తువులు బేరమాడి కొంటారు. తల పైకెత్తి ఆకాశం కేసి చూసేవారు మాత్రం నూటికి ఒక్కరో ఇద్దరో. ఆ ఒక్కరిద్దరి కోసమే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మిగతావారు చదివితే మరీ సంతోషం.

మాది ఖానాపురం హవేలి. ఒకప్పుడు వేరే ఊరు, ఇప్పుడు ఖమ్మంలో కలిసిపోయింది. మా డాబా మీద రోజూ గిరికీలు కొట్టేది మామూలు నల్లగద్ద. దాని తోక చివర చీలి ఉంటుంది, అదే గుర్తు. లకారం చెరువు వైపు వెళితే అప్పుడప్పుడు గరుడపక్షి కనిపిస్తుంది. తలా రొమ్మూ తెల్లన, తక్కిన ఒళ్ళంతా ఇటుక రంగు, తోక చివర గుండ్రన. మా అమ్మ దాన్ని చూస్తే చేతిలో పని వదిలి చెంపలు వేసుకునేది. అయితే పక్షిశాస్త్రం తెలిసినవారి లెక్కలో ఇవి రెండూ చిన్న తరహా గద్దలే. అడవిలో ఉండే పెద్ద గద్దల సంగతి వేరు. మనం మాత్రం అన్నిటినీ కలిపి "గద్ద" అనేసి ఊరుకుంటాం. పూర్వులు అంత బద్ధకస్తులు కారు సుమండీ! నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ దొర 1862లో అచ్చు మొదలుపెట్టిన తన పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు కూడా ఎక్కించాడు. ఒకటి కుందేలు సాలువ, ఒకటి నల్లపాముల గద్ద. నేను చూడబోయింది ఈ రెండోదాన్నే.

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం మీదుగా పోచవరం రేవుకు జీపు ప్రయాణం. దారిలో ఏటపాక తగులుతుంది. జటాయువు రెక్కలు తెగి పడినది ఇక్కడేనని స్థానికుల నమ్మకం. జటాయువు గద్ద కాదు, రాబందు. ఆ జాతిని మన కాలంలో ఖడ్గం కాక పశువులకు వేసే డైక్లోఫినాక్ మందు కూల్చింది. 2006లో ఆ పశువుల మందును నిషేధించారు గాని అప్పటికే జరగవలసినది జరిగిపోయింది. అది వేరే కథ.

నాతో మా చెల్లెలి భర్త ఉన్నాడు. పదేళ్ళుగా మలేషియాలో ఉద్యోగం. మంచివాడు, హుషారైన మనిషి. లాంచీ రేవు వదిలి కొండల మధ్యకు రాగానే టిఫిను డబ్బా మూత తీశాడు.

"బావగారూ, లంకావిలో ఏం చేస్తారో చూపిస్తాను, ఉండండి!" అన్నాడు.

లంకావి మలేషియాలో ఒక ద్వీపం. మలయా భాషలో "హెలాంగ్" అంటే గద్ద, ఆ మాట నుంచే ఆ పేరు పుట్టిందని చెబుతారు. అక్కడ కిలిం అనేచోట మన కోరింగలో లాగే మడ అడవులున్నాయి. యాత్రికులను పడవల్లో తీసుకుపోయి, కోడి చర్మమూ కొవ్వూ నీళ్ళలో విసురుతారు. గరుడపక్షులు పదులకొద్దీ వచ్చి తన్నుకుపోతాయి. ఫోటోలు బ్రహ్మాండంగా వస్తాయి. గద్ద బతకవలసింది చేపతో, పీతతో, ఎలుకతో, ఎముకతో సహా తినే తిండితో. ఒట్టి కొవ్వులో ఎముక గట్టిపడే సున్నం ఉండదు. పైగా పిల్లపక్షికి వేట నేర్చుకునే వయసులో పడవ చప్పుడు వినపడితే చాలు, కడుపు నిండుతుందని తెలిసిపోతుంది.

మా బావగారు చికెన్ ముక్క ఒకటి గాలిలోకి విసిరాడు. వచ్చినవి ఏమిటనుకున్నారు? రెండు నల్లగద్దలూ, డజను కాకులూ! పిల్లలు కేకలు వేశారు. పైఅంతస్తులో ఉన్నవాళ్ళంతా సెల్‌ఫోన్లు పట్టుకుని ఎడమ పక్కకు ఉరికారు. లాంచీ ఒరిగింది. సరంగు హారను మీద చెయ్యి వేసి తియ్యలేదు.

"కూర్చోండి బాబూ, ఎక్కడివాళ్ళక్కడ కూర్చోండి! అందరూ ఒక్క పక్కకొస్తే గోదారి ఊరుకోదండి!"

ఆ మాటకు అందరూ ఒక్కసారిగా నెమ్మదించారు. 2019 సెప్టెంబరు 15న ఇదే నదిలో, దిగువన కచ్చులూరు దగ్గర, వరద రోజుల్లో ఒక పర్యాటకుల పడవ మునిగి పదులకొద్దీ జనం పోయారు. అక్కడ కారణాలు వేరు. కాని గోదావరిమీద ఆ పేరు తలుచుకోని సరంగు ఉండడు.

కాసేపటికి నేను సరంగు గదికి వెళ్ళి కూర్చున్నాను. యాభై దాటిన మనిషి. చిన్నప్పుడు తండ్రితో తెరచాప పడవ నడిపాడట.

"పాముల గద్ద ఈ మధ్య కనిపిస్తోందా?" అని అడిగాను.

ఆయన నన్నూ, నా మెడలోని దుర్భిణినీ ఎగాదిగా చూచాడు. "కనిపిస్తదండి. కానీ మైకు ఆపితేనే. ఆపితే పాసింజర్లు ఊరుకోరు, పాట పెట్టమంటారు. ఒడ్డుకు దగ్గరగా తిప్పితే వందో రెండొందలో చేతిలో పెడతారు. దూరంగా పోనిస్తే ఏమిస్తారండి?"

ఇది నాకు సూటిగా తగిలిన మాట. మనం అడవిశాఖను తిడతాం, పడవలవాళ్ళను తిడతాం. సరంగు చేత చక్రం తిప్పించేది మన జేబులోని నోటే కదా! నేను మేనేజరుతో మాట్లాడి, ప్రయాణికులను బతిమాలి, పావుగంట సేపు పాటలు ఆపించాను. ఒక ముసలాయన మాత్రం గొణిగాడు. ఆయన టిక్కెట్టులో పాటలు కూడా కలిసి ఉన్నాయట.

సరంగు ఇంజను ఆపలేదు, ఆపితే ప్రవాహం లాగేస్తుంది. వేగం తగ్గించాడు, అంతే. లాంచీ ముక్కును ఒడ్డు వైపు తిప్పకుండా, ఒడ్డు వెంబడే ఏమీ ఎరగనట్టు పోనిచ్చాడు. సూటిగా మీదికి వచ్చేదే పక్షికి శత్రువు, పక్కగా పోయేది బాటసారి. ఈ కిటుకు ఏ పుస్తకంలోనూ ఇంత తేలికగా చదవలేదు.

పదిగంటల వేళ. ఎండ ఎక్కి కొండల మీది గాలి వేడెక్కితేనే పెద్దరెక్కల పక్షులు ఆ వేడిగాలి మీద తేలుతూ పైకి లేస్తాయి. ముందు ఈల వినిపించింది, మూడు దీర్ఘాలుగా. తరువాత శిఖరం మీద విప్పిన రెక్కలు. రెక్కల అడుగున, తోక అడుగున వెడల్పాటి తెల్లని పట్టీ, ఎవరో సున్నంతో గీసినట్టు. మరో వంపు తిరిగాక ఇంకొకటి వాగు మొగలో ఎండుకొమ్మ మీద కూర్చుని ఉంది. పసుపుపచ్చ కాళ్ళు, పసుపుపచ్చ ముఖం, తల వెనుక పొట్టి జుట్టు. అది మెడ సాచి, ఆ జుట్టు నిక్కబొడిచిందంటే మనం మరీ దగ్గరికి వచ్చామని అర్థం. మా లాంచీ పోయినంతసేపూ అది జుట్టు నిక్కించలేదు. మా బావగారు కూడా ఊపిరి బిగబట్టి చూచాడు. డబ్బా మూత తియ్యలేదు!

ఇంతకీ అసలు చిక్కు చెప్పాలి. వరదలు తగ్గాక, కార్తీకం నుంచి ఎండాకాలం దాకా మన విహారాలు. చలికాలం చివర ఈ పక్షికి గూడు కట్టే కాలం. వాగుల పక్క పెద్దచెట్ల మీద పుల్లల గూడు కట్టి ఒకే ఒక గుడ్డు పెడుతుంది. నలభై రోజులు పొదగాలి. పిల్ల ఎగరడానికి ఇంకో రెండు నెలలు. బెదిరి తల్లి లేచిపోతే గుడ్డు ఎండకు ఉడుకుతుంది, లేదా కాకి పాలవుతుంది. కాకుల్ని పిలిచేదేమో మన చికెన్ ముక్క! ఇక్కడి అడవికి 2008లో జాతీయ వనం హోదా ఇచ్చారు, వైశాల్యం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 1972 నాటి చట్టం గద్ద జాతులకు మొదటి షెడ్యూలులో చోటిచ్చింది. అయినా లాంచీ మీద మైకు గొంతు నొక్కేందుకు చట్టం వచ్చి కూర్చోదు కదా.

అమెరికావాళ్ళు మనకంటే ఎక్కువే పాపం చేశారు. చేపలు తినేస్తోందని అలాస్కాలో 1917 నుంచి గద్దకాళ్ళకు బహుమానం ఇచ్చి లక్షకు పైగా చంపించారు. ఇప్పుడు అక్కడికే జనం పెద్ద ఓడలెక్కి ఆ గద్దలను చూడబోతారు. గూటికి 330 అడుగుల లోపల పడవల హడావిడి వద్దని 2007లో వాళ్ళ ప్రభుత్వం సూచనలు అచ్చువేసింది. హోమర్ అనే ఊళ్ళో గద్దలకు తిండి వెయ్యడాన్నే 2006లో నిషేధించారు.

తిరుగు ప్రయాణంలో సరంగు ఒక తెల్లమద్ది చెట్టును చూపించాడు. "నిరుడు దీని మీద గూడుండేదండి. ఎవరో కుర్రాళ్ళు డ్రోను ఎగరేశారు. మూడోరోజుకు గూడు ఖాళీ."

"ఈ ఏడు కట్టలేదా?"

"కట్టిందండి. లోపలికి, వాగు పైన."

"ఎక్కడ?" అన్నాడు మా బావగారు ఆత్రంగా.

సరంగు చక్రం తిప్పుతూ నవ్వాడు. "అది చెప్పనండి, బాబుగారూ."

ఆయన చేతిలో రెండు వందలు పెట్టి రేవులో దిగాను.