కుర్చీలు అద్దెకివ్వబడును!

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలన్నారు. పరులను కూర్చోబెట్టి తినే వ్యాపారం ఒకటి పుట్టుకొస్తుందని వారు ఊహించి వుండరు. దాని పేరు కో-వర్కింగ్. ఒకే హాలు, ఒకే కరెంటు బిల్లు, ఒకే ఇంటర్నెట్టు. ఎవరి పని వారిది. కుర్చీకింతని నెలవారీ అద్దె.

మా తోడల్లుడి కొడుకు పాశమైలారం పారిశ్రామికవాడ దగ్గర అలాంటిదొకటి పెట్టాలని సంకల్పించాడు. పెట్టుబడి, వాళ్ళమ్మ బంగారం. అందుకే సలహా చెప్పడానికి నాకు ఒక పట్టాన నోరు పెగల్లేదు.

“ముప్ఫై కుర్చీలు వేస్తే చాలు పెద్దనాయనా, జనం వాళ్ళే వస్తారు,” అన్నాడు.

వాళ్ళే వస్తారా? ఈ పద్ధతికి ఆద్యుడని చెప్పే బ్రాడ్ న్యూబర్గ్ 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, వారానికి రెండు రోజులకు చోటు అద్దెకు తీసుకుని, బల్లలు వేసుకు కూర్చున్నాడు. మొదటి నెల ఒక్క ప్రాణి గడప తొక్కలేదు! తానే బయలుదేరి నలుగురికీ చెప్పుకున్న తరువాతనే సభ్యులు దొరికారు. అడగందే అమ్మైనా పెట్టదు గదా!

మరో ముచ్చట. 2010లో న్యూయార్కులో పుట్టిన వీవర్క్ ప్రపంచమంతా పాకి, 2023 నవంబరులో దివాలా రక్షణ కోరింది. భవనాల యజమానులకేమో ఏళ్ళ తరబడి ఒప్పందాలు రాసిచ్చింది. సభ్యులేమో నెలల లెక్కన వచ్చిపోయేవారు. ఇక మన టీ-హబ్బు 2015లో గచ్చిబౌలిలో మొదలై, 2022లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారింది. అక్కడికి వెళ్ళేవారు కుర్చీ కోసం వెళ్ళరు. సలహాదారులూ పెట్టుబడిదారులూ ఎదురుపడతారని వెళతారు.

పాశమైలారంలో ఎవరు ఎదురుపడతారు? వాడితో రెండు రోజులు తిరిగాను. యంత్రాలు బాగుచేయడానికి పొరుగూళ్ళ నుంచి వచ్చిన ఇంజనీర్లు టీ బంకు దగ్గర ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని రిపోర్టులు రాస్తున్నారు. నాలుగైదు చిన్న ఫ్యాక్టరీల లెక్కలు చూసే గుమాస్తాలున్నారు. లారీ ఏజెంట్లున్నారు. వీరికి కావలసింది గాజు గోడలు కావు. కరెంటు పోతే ఆగని ఇన్వర్టరు, బండి నిలుపుకునే జాగా, ప్రింటరు, గంటల లెక్కన మాట్లాడుకునే గది. జీఎస్టీ రిజిస్ట్రేషనుకు చిరునామా కావలసినవారికి యజమాని సమ్మతిపత్రం, కరెంటు బిల్లు సక్రమంగా చూపగలగాలి.

2025 జూన్ 30న ఇక్కడి సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడు నలభైకి పైగా ప్రాణాలను బలిగొన్నది. చిన్న ఫ్యాక్టరీలు భద్రతా శిక్షణకు హాలు అడిగితే తప్పక ఇవ్వమన్నాను. ఆ దుఃఖాన్ని మాత్రం ప్రకటనలో వాడుకోవద్దన్నాను. వాడు తలవంచుకుని, “వాడుకోను పెద్దనాయనా,” అన్నాడు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాము. ముప్ఫై కాదు, ముందు పన్నెండు కుర్చీలు. ఇంటివారితో పదకొండు నెలల కాగితం. బోర్డు తెలుగులోనూ, హిందీలోనూ, ఇంగ్లీషులోనూ. గూగుల్ మ్యాపులో గుర్తు. ఎవరు వచ్చినా మొదటి రోజు ఉచితం. సభ్యుడు మరో సభ్యుణ్ణి తెస్తే ఇద్దరికీ అద్దెలో కొంత తగ్గింపు. అన్నిటికన్నా ముఖ్యం: పదిమంది నెల అద్దె అడ్వాన్సుగా ఇచ్చేదాకా బంగారం బీరువా దాటరాదు.

అప్పటినుంచి వాడు రోజూ ఫ్యాక్టరీల గేట్ల దగ్గర కరపత్రాలు పంచుతున్నాడు. ఇప్పటికి వాడి పుస్తకంలో ఏడు పేర్లు పడ్డాయి. మిగిలిన మూడింటి కోసం వాడికంటె వాళ్ళమ్మే ఎక్కువ ఎదురుచూస్తున్నది!