విన్నపము వ్రాయు విధము

ప్రభుత్వమునకు గాని శాసనసభకు గాని పంపుకొను విన్నపము యాచన కాదు, పౌరుని హక్కు. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము ఏ వ్యక్తియైనను తన కష్టమును రాష్ట్రమున వాడుకలో నున్న ఏ భాషయందైనను అధికారులకు విన్నవించుకొనవచ్చును. కాని హక్కున్నంతమాత్రమున పని నెరవేరదు. వ్రాయు నేర్పు వలయును.

ఈ నేర్పున మన కొక పూర్వికుడు కలడు. చెన్నపట్టణపు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించెను. కంపెనీ పరిపాలన 1853లో పార్లమెంటు విచారణకు రానుండెను. ఆ అదను గుర్తించి, పన్నుల భారమును, న్యాయస్థానముల జాప్యమును, బాటల కొరతను వివరించుచు ఆ సంఘము పార్లమెంటునకు విజ్ఞాపనము పంపెను. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమర్ 1853లో వచ్చి స్వయముగా విచారించెను. శిస్తు వసూలుకై రైతులను హింసించుటపై 1854లో విచారణసంఘ మేర్పడెను. ఆ హింస వాస్తవమేయని 1855లో నివేదించెను. విజ్ఞాపనమునకు బలము నిచ్చినది పదాడంబరము కాదు, పరీక్షకు నిలుచు సత్యము.

బెళ్ళందూరులో నున్న మనము ప్రాథమిక పాఠశాలకు తెలుగు ఉపాధ్యాయుని కోరుదు మనుకొనుడు. "తెలుగు తీయని భాష, కావున ఉపాధ్యాయుని నియమింపుడు" అని వ్రాసినచో చదువువాడు సంతోషించును గాని నిర్ణయింపలేడు. విన్నపమునకు నాలుగు అంగములు వలయును.

మొదటిది సంగతి: ఏ తరగతిలో ఎందరు పిల్లలు, ఎప్పటినుండి ఉపాధ్యాయుడు లేడు.

రెండవది ఆధారము: 1956లో చేరిన 350-ఎ అధికరణము. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని దాని భావము. "ప్రాథమిక దశ", "ప్రయత్నము" అను మాటలను మరువరాదు. ఉన్నత పాఠశాలకు దీనినే చూపినచో ఎదుటివారు ఒక్క వాక్యముతో త్రోసిపుచ్చుదురు.

మూడవది ఆక్షేపణకు సమాధానము. 2015లో కర్ణాటక శాసనసభ పాఠశాలలలో కన్నడభాషాభ్యసనమునకు చట్టము చేసినది. కావున "మేము కన్నడమును నేర్చుచున్నాము, దానితోపాటు తెలుగును కోరుచున్నాము" అని ముందే చెప్పవలెను.

నాలుగవది ప్రార్థన: ఒక్కటే కోరిక, స్పష్టముగా. చట్టమును మార్చవలెనన్న శాసనసభ్యునికి, ఉన్న నిబంధనను అమలుపరుపవలెనన్న అధికారికి వ్రాయవలెను. కోపమును, పొగడ్తను రెంటిని విడువవలెను.

తెలుగు ప్రతితో కన్నడ ప్రతిని జతపరచుట మేలు. తలిదండ్రులారా, మీ కష్టము మీకు తెలియును; మీ పిల్లలకు రెండు భాషలును తెలియును. ఇరువురును కూర్చుండి ఒక విన్నపము వ్రాసి చూడుడు. చదువు ఇంటి కక్కరకు వచ్చుట యనగా నిదియే.