ఎండుచేప: సంతలో ఒక పాఠం

బంగాళాఖాతం మార్కాపురానికి సుమారు నూరు కిలోమీటర్ల దూరాన ఉన్నది. గిద్దలూరుకు ఇంకా దూరం. నడుమ వెలిగొండలు అడ్డు. అయినా ఈ ప్రాంతపు సంతలలో నెత్తళ్ళు, కవళ్ళు, సావళ్ళు, ఎండురొయ్యలు గోనెపట్టాలమీద కుప్పలుగా కనబడుతూనే ఉంటాయి. వేసవిలో పచ్చిచేప ఒక పూటకే చెడుతుంది. ఎండుచేప నెలల తరబడి నిలుస్తుంది. మంచుగడ్డలు, శీతలపు పెట్టెలు లేని కాలంలో సముద్రపు మాంసకృత్తులను మెట్టసీమకు చేర్చిన ఉపాయం ఇదే. ఫిలిప్పీన్ దీవులలో సెబూ నగరపు తాబోఆన్ సంతకు ప్రసిద్ధి తెచ్చినదీ ఎండుచేపే. ఇంతకూ ఎండిన చేప ఎందుకు చెడదు?

కుళ్ళుకు మూలం నీరు

పచ్చిచేప బరువులో నూటికి 70 నుంచి 80 వంతులు నీరే. చేప చనిపోగానే దాని కండలోని ఎంజైములు ఆ కండనే కరిగించడం మొదలుపెడతాయి. చర్మంమీద, మొప్పలలో, పేగులలో ఉన్న బాక్టీరియా లోపలికి చొరబడతాయి. సముద్రపు చేపనుంచి వచ్చే నీచువాసనకు ముఖ్యకారణం ఆ బాక్టీరియా తయారుచేసే ట్రైమిథైలమీన్ అనే పదార్థం.

ఈ జీవులకు నీరు కావలెను. అయితే చేపలోని నీరంతా వాటికి దక్కదు. ఉప్పుతోను, మాంసకృత్తులతోను బంధింపబడక మిగిలిన నీరే వాటికి ఉపయోగపడుతుంది. దీనికి నీటి లభ్యత అని పేరు. శుద్ధజలానికి ఇది 1. ఇది 0.90 కంటె తగ్గితే చేపను కుళ్ళబెట్టే బాక్టీరియాలో చాలాభాగం పెరగలేవు. బూజులు ఇంకా మొండివి, 0.70 దాకా దిగితేగాని వాటిలో పెక్కు లొంగవు. ఎండ చేపలోని నీటిని ఆవిరిచేస్తుంది. ఉప్పు ద్రవాభిసరణం వల్ల కొంత నీటిని బయటికి లాగి, మిగిలినదానిని బంధిస్తుంది.

గాలిలోని తేమ

ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీటిలో నీటి లభ్యత 0.75. అందుచేత గాలిలో సాపేక్ష ఆర్ద్రత నూటికి 75 మించితే ఉప్పుచేప ఆరదు సరికదా, తానే తేమను పీల్చుకొంటుంది. వానలరోజులలో తీరాన చేప సరిగా ఎండకపోవడానికి ఇదే కారణం. నెమ్మదిగా ఆరే చేపమీద ఈగలు గుడ్లు పెడతాయి. మార్కాపురం వైపు వేసవి పొడిగాలి నిలవకు మేలు చేస్తుంది. ముసురు పట్టినప్పుడు మాత్రం ఇక్కడకూడ జాగ్రత్త అవసరం.

కొనేటప్పుడు

మొదట విరిచి చూడవలెను. బాగా ఎండిన నెత్తలి పుటుక్కున విరుగుతుంది. మెత్తగా వంగితే తేమ మిగిలిఉన్నట్లు. ఇది డబ్బుకు సంబంధించిన విషయంకూడ. నూటికి 15 వంతులు నీరున్న కిలో చేపలో 850 గ్రాముల సారం ఉంటుంది. 40 వంతులు నీరుంటే 600 గ్రాములే. ఒకే ధర ఇచ్చినా రెండవవాడు పావుకిలో నష్టపోతాడు. ఇసుకకూడ తూకంలో కలుస్తుంది. కనుక పిడికెడు చేపలను కాగితంమీద దులిపి చూడడం మంచిది.

ఉప్పుచేపమీద గులాబిరంగు జిగురు కనిపిస్తే, అది ఉప్పులోనే బ్రతికే బాక్టీరియా పని. గోధుమరంగు చుక్కలు ఒకజాతి బూజు. కండలో రంధ్రాలు, పొడి కనిపిస్తే పురుగు పట్టినట్లు. ఇటువంటివి కొనరాదు. పసుపుపచ్చగా మారి కారునూనె వాసన కొట్టే చేపలో కొవ్వు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడిపోయినది.

కంటికి కనబడని ప్రమాదాలు రెండున్నవి. ఈగలు, పురుగులు రాకుండా ఎండుచేపపై క్రిమిసంహారక మందులు చల్లే దురలవాటు పలుదేశాలలో బయటపడింది. కడిగినంతమాత్రాన అవి పూర్తిగా పోవు. అందుచేత నమ్మకమైన వర్తకునివద్దనే కొనవలెను. రెండవది హిస్టమిన్. కవళ్ళు, కానాగంతలవంటి చేపలను ఎండబెట్టకముందు వేడిలో ఉంచితే బాక్టీరియా దీనిని తయారుచేస్తాయి. ఉడికించినా, వేయించినా ఇది నశించదు. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడి, దురద, తలనొప్పి కలిగితే ఆలస్యం చేయక వైద్యుని చూడవలెను. దీనికి నివారణ రేవులోనే ఉన్నది: పట్టిన వెంటనే చేపను మంచులో ఉంచడం.

ఇంటిలో

రక్తపుపోటు ఉన్నవారికి ఉప్పుచేప తగదు. ఇతరులుకూడ గోరువెచ్చని నీటిలో నానబెట్టి, ఆ నీరు పారబోసి వండితే ఉప్పు కొంత తగ్గుతుంది. ముల్లుతోసహా తినే చిన్నచేపలవల్ల కాల్షియం లభిస్తుంది. పాలు, మాంసం కొనలేని ఇంట ఇది చిన్న లాభం కాదు. తెచ్చిన చేపను మరొకసారి ఎండలో పెట్టి, చల్లారినపిమ్మట తడిలేని డబ్బాలో గట్టిగా మూతపెట్టవలెను. వేడిగా మూస్తే లోపల చెమ్మ పడుతుంది. ఆ చెమ్మే బూజుకు ప్రాణం పోస్తుంది.