విమానము గాలిలో, పన్ను నేలమీద

పొలము కొని రిజిస్ట్రారు కచ్చేరీలో దస్తావేజు వ్రాయించుకొన్న రైతు, పట్టా మార్పునకై మరల తహసీలుదారు కచ్చేరీ మెట్లెక్కిన కష్టము మన చదువరులలో పెక్కండ్రకు తెలియనిది కాదు. ఆకాశయానమునకును ఇట్టి ద్వంద్వపాలనము తప్పలేదు. ఒక అధికారము ఒక శాఖనుండి వేరొక శాఖకు మారినదని విన్నపుడు, అది గుమాస్తాల సర్దుబాటని తలచి పుట త్రిప్పివేయుదుము. కాని ఆ మార్పువలన ఎవరి భారము తగ్గినది, ఎవరి హక్కు తరలిపోయినది అని విచారించుట పౌరుల విధి.

విమానములను గూర్చిన మూలశాసనమును 1934లో ఆంగ్లప్రభుత్వము చేసెను. తొంబదేండ్లకు దానికి మారుగా 2024లో భారతీయ వాయుయాన అధినియమమును మన పార్లమెంటు ఆమోదింపగా, అది 2025 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. మన విమానముల మేనిపై నేటికిని పరపాలనాకాలమున దొరకిన ‘వి.టి.’ అక్షరములే నిలిచియున్నవి గాన, శాసనము పేరు మారినందులకే పొంగిపోనక్కరలేదు. అయినను ఆ శాసనము ఒక మేలు చేసెను. అంతకుమున్ను విమానము నడుపుటకు అనుమతి పౌరవిమానయాన శాఖవారిది. అదే చోదకుడు రేడియోలో మాటలాడుటకు వలయు పరీక్షయు అనుమతిపత్రమును టెలికాం శాఖవారివి. ఈ రెండవ పనిని గూడ విమానయాన శాఖకే ఒప్పగించిరి. దీనివలన ఎవరి హక్కును పోలేదు. తిరుగుడు మాత్రము తగ్గినది. ఇట్టి మార్పు హర్షణీయము.

పన్నుల విషయ మట్లు కాదు. మోటారుబండిని నమోదుచేయునదియు, దానిపై పన్ను గైకొనునదియు రాష్ట్రప్రభుత్వపు రవాణాశాఖయే. విమానముల నమోదు కేంద్రమునకు చెందిన పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్ వారి చేతిలో నున్నది. రాజ్యాంగమున రాష్ట్రములకు దక్కిన వాహనపు పన్ను రోడ్లపై నడచువానికే పరిమితము. ఇక రాష్ట్రమునకు మిగిలినది, తన గడ్డపై విమానములలో నింపు ఇంధనముయొక్క అమ్మకపు పన్ను. 2017 జులై 1న జి.యస్.టి. వచ్చినపుడు ఈ ఇంధనమును దాని క్రిందికి తేలేదు. అందుచే రాష్ట్రమున కొక రేటు నిలిచినది. ఇంధనముపై చెల్లించిన పన్నును, కంపెనీలు తాము కట్టవలసిన జి.యస్.టి.లో మినహాయించుకొను వీలును లేదు. ఆ భారము తుదకు ప్రయాణికునిపై బడును.

ఇంధనమును జి.యస్.టి.లో చేర్చవలెనను ప్రతిపాదన 2024 డిసెంబరులో జైసల్మేరున కౌన్సిలు ముందుకు రాగా, రాష్ట్రములు అంగీకరింపలేదు. వానిని స్వార్థపరులని నిందించుట సులభము. కాని తొల్లి తమ పన్నులను జి.యస్.టి.లో కలిపినందులకు రాష్ట్రములకు లభించిన పరిహారము అయిదేండ్లకే పరిమితమై 2022 జూనుతో ముగిసెను. తమ రేటు తామే నిర్ణయించుకొను స్వాతంత్ర్యము మాత్రము తిరిగి రాలేదు. ఒకసారి చేయి కాలినవాడు జంకుట వింతయా?

మధ్యేమార్గ మొకటి కలదు. ఉడాన్ పథకమున చేరిన రాష్ట్రములు, ఆ పథకపు విమానాశ్రయములలో ఇంధనపు పన్నును పదేండ్లపాటు నూటికి ఒకటికి మించకుండ తగ్గించుటకు సమ్మతించినవి. 2017 ఏప్రిల్ 27న ఆ పథకము క్రింద బయలుదేరిన తొలి విమానములలో కడప, హైదరాబాదుల నడుమ తిరిగినది యొకటి. హక్కును విడువకయే భారమును తగ్గింపవచ్చునని ఇది చాటుచున్నది.

కావున నమోదు, పరీక్ష, అనుమతిపత్రము ఒక్క గడపలోనే లభించుగాక. పన్నుహక్కును కదలింపవలెనన్నచో మాత్రము, రాష్ట్రముల వంతు ఎంతయో, ఎన్నాళ్ళో ముందుగా తేల్చవలెను. అయిదేండ్ల కౌలుసొమ్ము చూపి పొలమును శాశ్వతముగా వ్రాసి యిమ్మన్నచో ఏ రైతు సమ్మతించును?