పదిహేను మంది పిల్లలు, ఒక పల్లెటూరి పాదిరి

మా ఊళ్లో ఆదివారం తెలుగు బడి ఉంది. ఒక ఏడాది నా తరగతిలో పదిహేను మంది పిల్లలు. ముగ్గురేసి చొప్పున ఐదు జట్లు చేసి తెలుగులో కబుర్లు చెప్పుకోమనేవాణ్ణి. "మా అమ్మాయి ఎప్పుడూ ఆ ఇద్దరితోనే కూర్చుంటోందండీ" అన్నారొకావిడ. సరే, ఏడు వారాల్లో ప్రతి ఇద్దరూ సరిగ్గా ఒక్కసారే ఒక జట్టులో పడేలా అమరుద్దామని కాగితం తీశాను. ఒక్కొక్కరికీ మిగిలినవాళ్లు 14 మంది. వారానికి ఇద్దరు, ఏడు వారాలు. లెక్క సరిపోయింది. ఐదో వారానికొచ్చేసరికి చిక్కుపడింది!

ప్రోగ్రాము రాద్దామని కూర్చుంటే తెలిసింది, ఇదే ప్రశ్నను 1850లో ఒక పత్రికలో అడిగారని. అక్కడ పదిహేను మంది బడిపిల్లలు వారం రోజులు ముగ్గురేసి వరసల్లో షికారుకెళ్తారు. అడిగినవాడు ఇంగ్లండులో ఒక పల్లెటూరి ఆంగ్లికన్ పాదిరి, థామస్ కిర్క్‌మన్.

ఆయన 1806లో బోల్టన్‌లో పుట్టాడు. తండ్రి పత్తి వ్యాపారి. కొడుకు చదువులో చురుకైనవాడైనా పద్నాలుగో ఏట బడి మాన్పించి ఆఫీసులో కూర్చోబెట్టాడు. తొమ్మిదేళ్ల తర్వాత తండ్రిని కాదని డబ్లిన్ వెళ్లి డిగ్రీ చదివి పాదిరి అయ్యాడు. 1839లో లాంకషైర్‌లోని క్రాఫ్ట్ అనే చిన్న ఊరి చర్చికి వచ్చి, యాభై ఏళ్లకు పైగా అక్కడే ఉండిపోయాడు.

గణితంలో ఆయన మొదటి వ్యాసం 1847లో అచ్చయింది. రాసేనాటికి వయసు నలభై. ఎన్ని వస్తువులుంటే ప్రతి జంటా సరిగ్గా ఒకే ముగ్గురి జట్టులో వచ్చేలా అమర్చవచ్చు? ఆరుతో భాగిస్తే 1 గానీ 3 గానీ మిగిలే సంఖ్యలకే అది సాధ్యమనీ, అలాంటి ప్రతి సంఖ్యకూ సాధ్యమేననీ నిరూపించాడు. ఆరేళ్ల తర్వాత, 1853లో, ఈ వ్యాసం సంగతి తెలియని స్టైనర్ అదే ప్రశ్న అడిగాడు. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో వాటి పేరు 'స్టైనర్ త్రయాలు'! బహుముఖుల అంచుల వెంట ప్రతి మూలనూ ఒక్కసారే తాకి తిరిగొచ్చే దారుల గురించీ హామిల్టన్ కంటే ముందే రాశాడు. వాటికి హామిల్టన్ పేరు స్థిరపడింది. కిర్క్‌మన్ పేరు మిగిలింది ఆ బడిపిల్లల పొడుపుకథకే.

ఇందుకు ఆయన వ్యంగ్యంగా విసుక్కున్నాడు గానీ పని ఆపలేదు. 1857లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. ఎనభైకి దగ్గరపడ్డాక పీటర్ టెయిట్‌తో కలిసి తాడు ముడులను వర్గీకరించాడు. 1895లో పోయాడు.

ఆ పొడుపుకథ కూడా తక్కువదేం కాదు. పిల్లల సంఖ్యను ఆరుతో భాగిస్తే 3 మిగిలే ప్రతి సందర్భానికీ వర్తించే సమాధానాన్ని మన భారతీయుడు రాయ్‌చౌధురీ, విల్సన్‌తో కలిసి 1971లో ప్రచురించాడు. ఇలాంటి అమరికల కుటుంబానికి చెందినవే 1940లలో మన సి. ఆర్. రావు గారు రూపొందించిన 'ఆర్తోగనల్ అరేలు'. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు అవి అన్నం పెడతాయి. రెండేసి విలువలున్న పది సెట్టింగులను అన్ని రకాలుగా పరీక్షించాలంటే 1024 టెస్టులు. ఏ రెండు సెట్టింగులు తీసుకున్నా వాటి నాలుగు కలయికలూ వస్తే చాలనుకుంటే 12తో సరి.

చివరికి కిర్క్‌మన్ పట్టికనే తరగతి గోడకు అంటించాను, కింద ఆయన పేరు రాసి. "ఈయన టీచరా అంకుల్?" అనడిగాడొక పిల్లాడు. కాదు నాన్నా, పాదిరి అన్నాను. నలభైలో మొదలుపెట్టాడని మాత్రం నాకు నేనే చెప్పుకున్నాను.