మీ కాలనీ నాలా ఫైలు ఎక్కడుంది? దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్ వాసులు తెలుసుకోవాల్సినవి

మబ్బు పడితే చాలు, సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలకు 2020 అక్టోబరు 13 గుర్తొస్తుంది. ఆ రోజు హయత్‌నగర్ వైపు దాదాపు 30 సెంటీమీటర్ల వాన కురిసింది. చెరువు పొంగి కోదండరాంనగర్ లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఐదేళ్లు దాటింది. మీ వీధి నాలా గురించి అడిగితే ‘ప్రతిపాదన పంపాం’ అన్న జవాబే వస్తోందా? అయితే ఆ ప్రతిపాదన ఎక్కడికి వెళ్తుందో, ఎవరు ఒప్పుకుంటే పని మొదలవుతుందో తెలిసి ఉండాలి. పైగా జీహెచ్‌ఎంసీ గత పాలకమండలి ఐదేళ్ల గడువు 2026 ఫిబ్రవరి 10తో ముగిసింది.

ముందు మీ డివిజన్ ఏది?

దిల్‌సుఖ్‌నగర్ పేరు తెలియనివారు ఉండరు. కానీ 150 డివిజన్లున్నప్పుడు ఆ పేరుతో ఒక్కటీ ఉండేది కాదు. మీ ఇల్లు ఏ పక్క ఉందన్న దాన్నిబట్టి గడ్డిఅన్నారం, చైతన్యపురి, మూసారంబాగ్ డివిజన్లలో ఏదో ఒకటి మీది అయ్యేది. ఈ తేడా చిన్నది కాదు. మొదటి రెండూ ఎల్‌బీనగర్ జోన్‌లోని సరూర్‌నగర్ సర్కిల్ కిందికి వచ్చేవి. మూసారంబాగ్ మాత్రం చార్మినార్ జోన్‌లోని మలక్‌పేట సర్కిల్‌లో ఉండేది. తప్పు ఆఫీసులో ఇచ్చిన అర్జీ అక్కడే ఉండిపోవచ్చు.

ఎమ్మెల్యే విషయంలోనూ ఇదే తికమక. 150 డివిజన్లున్నప్పుడు ఎల్‌బీనగర్ అసెంబ్లీ నియోజకవర్గంలో 11 డివిజన్లుండేవి. పక్కనే ఉన్న సరూర్‌నగర్, ఆర్కేపురం డివిజన్లు మాత్రం మహేశ్వరం నియోజకవర్గంలో ఉన్నాయి. 2007 ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీ ఏర్పడేదాకా ఎల్‌బీనగర్, గడ్డిఅన్నారం వేర్వేరు మున్సిపాలిటీలు. అప్పట్లో 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను పాత కార్పొరేషన్‌తో కలిపారు.

ఫైలు ఎలా కదులుతుంది?

మొదటి మెట్టు వార్డు, సర్కిల్ ఇంజినీర్లు. వాళ్లు స్థలం చూసి, కొలతలు తీసి, అంచనా తయారుచేస్తారు. అంచనా లేని పనికి ఎవరు హామీ ఇచ్చినా అది మాట మాత్రమే. అక్కడి నుంచి ఫైలు జోన్‌కు వెళ్తుంది. ఆపై ఎవరు మంజూరు చేయాలన్నది ఖర్చును బట్టి ఉంటుంది. చిన్న పనులు అధికారుల స్థాయిలోనే తేలిపోతాయి. పాలకమండలి ఉన్నప్పుడు, పరిమితి దాటితే స్టాండింగ్ కమిటీకి, ఇంకా పెద్దవైతే కౌన్సిల్‌కు, ఆపైన రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తాయి.

గత పాలకమండలి స్టాండింగ్ కమిటీలో 15 మంది కార్పొరేటర్లుండేవారు. మేయర్ అధ్యక్షత వహించేవారు. సభ్యులను ఏటా ఎన్నుకునేవారు. టీవీల్లో కనిపించిన గొడవలు కౌన్సిల్ సమావేశాలవి. డబ్బుకు సంబంధించిన చాలా నిర్ణయాలు మాత్రం ఈ కమిటీ గదిలోనే జరిగేవి.

మంజూరు వచ్చినంత మాత్రాన పని మొదలైనట్టు కాదు. ఆ తర్వాత టెండరు, ఒప్పందం, వర్క్ ఆర్డర్ ఉంటాయి. అందుకే ‘మంజూరైంది’ అని ఎవరైనా చెబితే ‘టెండరు పిలిచారా?’ అని అడగండి.

పెద్ద నాలాల సంగతి వేరు

చెరువు నుంచి చెరువుకు, అక్కడి నుంచి మూసీకి నీళ్లు తీసుకెళ్లే నాలాలు ఒక డివిజన్ నిధులతో అయ్యేవి కావు. 2020 వరదల తర్వాత వీటి కోసమే ఎస్‌ఎన్‌డీపీ పేరుతో ప్రత్యేక కార్యక్రమం పెట్టారు. తొలిదశ అంచనా సుమారు 985 కోట్ల రూపాయలు. బండ్లగూడ, నాగోలు వైపు నాలా పనులు ఇందులోవే. మీ వీధి కాలువ వెడల్పు చేసినా అది కలిసే పెద్ద నాలా ఇరుకుగా ఉంటే నీళ్లు వెనక్కే వస్తాయి. కాబట్టి అర్జీలో మీ వీధితో పాటు, ఆ నీళ్లు చివరికి ఏ నాలాలో కలుస్తాయో కూడా రాయండి.

ఏ పని ఎవరిది?

- కాలనీ రోడ్లు, వాన నీటి కాలువలు, చెత్త, వీధి దీపాలు: మీ మున్సిపల్ కార్పొరేషన్.
- మంచినీళ్లు, డ్రైనేజీ: జలమండలి. ఎల్‌బీనగర్ లాంటి శివారు సర్కిళ్లలో డ్రైనేజీ నిర్వహణ 2021లో దీని చేతికి వచ్చింది.
- కరెంటు స్తంభాలు, తీగలు: దక్షిణ డిస్కం.
- నాలాలు, చెరువుల ఆక్రమణలు: 2024 జులైలో ఏర్పడిన హైడ్రాకూ ఫిర్యాదు చేయవచ్చు.

వాన నీళ్లూ మురుగూ ఒకే గొట్టంలో కలిసి పొంగే చోట రెండు శాఖలూ ఒకదాని వైపు ఒకటి వేలు చూపిస్తాయి. అలాంటప్పుడు ఒకే అర్జీని ఇద్దరికీ ఇచ్చి, రెండు రసీదులూ దాచుకోండి.

పాలకమండలి గడువు ముగిస్తే?

ఇది కొత్తేమీ కాదు. 2009లో ఏర్పడిన పాలకమండలి గడువు 2014 డిసెంబరులో ముగిసింది. 2016 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగేదాకా నగరం ప్రత్యేకాధికారి పాలనలోనే ఉంది. అలాంటి సమయంలో పనులు ఆగిపోవాలని లేదు. కానీ సభలో మీ తరఫున ప్రశ్న వేసే కార్పొరేటర్ ఉండరు. 

మీరు చేయగలిగింది

1. ఫొటోలతో మీ మున్సిపల్ కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.
2. కాలనీ సంక్షేమ సంఘం లెటర్‌హెడ్‌పై సర్కిల్ ఇంజినీరుకు అర్జీ ఇవ్వండి. కార్పొరేటర్ ఉంటే ఆయనకూ కాపీ ఇవ్వండి.
3. కదలిక లేకపోతే సోమవారం ప్రజావాణికి వెళ్లండి.
4. అప్పటికీ జవాబు రాకపోతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మూడే ప్రశ్నలు చాలు: అంచనా తయారైందా, ఎంతకు? ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుంది? ఏ తేదీ నుంచి? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

జీహెచ్‌ఎంసీ 2025-26 బడ్జెట్ 8,440 కోట్ల రూపాయలు. వచ్చే ఏడాది బడ్జెట్ కసరత్తు చలికాలంలోనే జరుగుతుంది. నాలా గురించి వానాకాలంలో అందరూ అడుగుతారు. డబ్బు కేటాయించే నెలల్లో అడిగేవాళ్లు తక్కువ. మీ కాలనీ ఆ తక్కువ మందిలో ఉండాలి.